మడలంక మందిరం మీద తెల్ల పెట్టె

మడలంక,
జూన్, ఆదివారం ఆరాధన ముగిశాక.

ప్రభువునందు ప్రియమైన అమలమ్మక్కకు,

మేమంతా క్షేమమని రాస్తే అబద్ధమవుతుంది. అబద్ధం రాసే చెయ్యి నాకు లేదు కనుక నేరుగా విషయానికి వస్తున్నాను.

నీ కూతురు డయానా లంకకు వచ్చింది. మేనమామ ఇంటికి వచ్చినట్టు రాలేదు. పడవ నిండా సోలారు పలకలూ, బ్యాటరీలూ, ఒక తెల్ల పెట్టె వేసుకుని వచ్చి, నడుముకు తాడు కట్టుకుని మందిరం మీది ఇనుప స్తంభం ఎక్కింది. ఆ స్తంభం నా నాలుగు మైకు హారన్ల కోసం సంఘం నిలబెట్టింది. నేను అవనిగడ్డ కూడికల్లో వాక్యం చెబుతున్న సమయం చూసి మా సంఘపెద్దలు దీనికి ఒప్పుకున్నారు. మైకు చూసుకునే యేసుకుమార్‌ని నిలదీశాను. "లంకలో అంత ఎత్తు ఇంకెక్కడుందండీ అయ్యగారూ" అని నేల చూపులు చూశాడు.

అమ్మాయి పైనుంచే నాకు పాఠం చెప్పింది. "పెద్ద కంపెనీల టవర్లు మన లంకకి రావు మామయ్యా. ఉన్నవి పిడికెడు ఇళ్ళు, వాళ్ళకి గిట్టదు. ఇది చాలా చిన్నది. ఒక బల్బంత కరెంటు చాలు. మన లంక వరకే ఫోన్లు మోగిస్తుంది. అవతలి గట్టు మీది టవరుతో ఈ డిష్ మాట్లాడి బయటి కాల్స్ తెస్తుంది."

"సాతాను కూడా చిన్నగానే మొదలుపెట్టాడమ్మా, తోటలో ఒక్క పండుతో" అన్నాను.

"మామయ్యా, ఆ స్పానర్ కాస్త అందించు" అంది.

అందించాను. అది నా మొదటి ఓటమి.

అక్కా, నేను బడి చదువు మధ్యలో మానేసినవాణ్ణి. కానీ వాక్యం నాకు ఎవరూ నేర్పలేదు, మోకాళ్ళ మీద నేర్చుకున్నాను. గాలిలో అధికారం చేసేవాడొకడున్నాడని ఎఫెసు సంఘానికి పౌలు ఊరికే రాశాడా? తీగ లేకుండా, మనిషి కనపడకుండా, గాలిలో మాట మోసేది ఎవరి రాజ్యమో పసిపిల్లను అడిగినా చెబుతుంది. పెట్టె వచ్చిన వారానికే ప్రార్థనలో తలలు వంచుకుంటున్నారు. భక్తితో కాదు, ఒళ్ళో ఫోను చూసుకోవడానికి.

అందుకని తీర్మానం చేసుకున్నాను. రోజూ తెల్లవారుజామున మైకులో ఆ పెట్టె మీద ప్రార్థన చేస్తాను. ఆ వేళకి ఊళ్ళో కరెంటు ఉండదు, మైకుకున్న పాత బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. యేసుకుమార్ పెట్టె బ్యాటరీల నుంచే మైకుకు వైరు లాగాడు. మా స్తంభం వాడుకుంటున్నారు గనుక ఇది న్యాయమే. ఇశ్రాయేలీయులు ఐగుప్తు వెండి బంగారాలు పట్టుకుని బయల్దేరలేదా? శత్రువు సొత్తుతోనే శత్రువు మీదికి వెళ్తున్నాను. ఇప్పుడు నా గొంతు ఏటి అవతలికి కూడా వినిపిస్తోందట.

బావగారికి వందనాలు చెప్పు.

సత్యం కోసం నిలబడిన
నీ తమ్ముడు సొలొమోను


గుణదల, విజయవాడ,
జూన్ నెలాఖరు.

చిరంజీవి సొలొమోనుకు మీ అక్క ఆశీర్వదించి రాసేది.

నీ ఉత్తరం కొండ మెట్ల దగ్గర నా కొవ్వొత్తుల కొట్లో కూర్చుని చదివాను. పక్క కొట్టు తెరేసమ్మ "మీ తమ్ముడు యుద్ధానికి వెళ్తున్నాడా వదినా" అని అడిగింది. అవునన్నాను. ఎవరి మీదికి అంది. బల్బంత కరెంటు మీదికి అన్నాను.

ఒరేయ్, నవ్వులాట పక్కన పెట్టి ఒక సంగతి చెబుతాను, విను. డయానా పనిచేసే కంపెనీ చిన్నది. ఈ పెట్టెలు కొన్ని ఊళ్ళలో పరీక్షకు పెడుతున్నారు. ఈ ఏడాది చివరిదాకా సరిగ్గా మోగితే ఉంచుతారు, లేకపోతే విప్పి ఇంకో ఊరికి ఇచ్చేస్తారు. మళ్ళీ మన లంక మొహం ఎవరూ చూడరు. ఏ ఊళ్ళో పెడదామని ఆఫీసులో అడిగితే డయానా మన లంక పేరు రాసింది. ఎందుకే అంటే, "లంకలో పాము కరిస్తే, రేవు దాకా పరిగెత్తి, అవతలి గట్టు మీద ఎవరైనా చూస్తారేమోనని తువ్వాలు ఊపాలి కదమ్మా, నువ్వే చెప్పావు" అంది. చెప్పింది నేనే. చిన్నప్పుడు మనం ఊపిన తువ్వాళ్ళు నీకు గుర్తు లేవేమో గానీ నాకు గుర్తున్నాయి.

నువ్వు ఫోను ముట్టుకోవు గనుక ఉత్తరమే రాస్తున్నాను. దాని మీద ప్రార్థన చేస్తే చేసుకో. ఆ పిల్ల మీద మాత్రం చెయ్యకు.

మరియమ్మ తల్లి నీకు కాస్త చల్లని మనసు ఇవ్వాలని మొక్కుకుంటూ (నీకు కోపం వస్తుందని తెలిసే రాస్తున్నాను),
అక్క


మడలంక,
జూలై.

అక్కకు,

మనుషులకు మొక్కే మీ అలవాటు గురించి ఇంకోసారి రాస్తాను. ఈ ఉత్తరం విజయవార్త.

పెట్టె చస్తోంది. నా మాట కాదు, లంకంతా సాక్షి. తెల్లవారుజామున నేను ప్రార్థన మొదలుపెడతాను. మొదట్లో ఫోన్లలో సిగ్నలు గీతలు నిండుగా ఉంటాయట. నేను ప్రభువును పిలుస్తాను, గాలి అధికారిని పేరు పెట్టి గద్దిస్తాను, గొంతు పెంచుతాను, ఆరాధన వేడెక్కుతుంది, అంతలో గీతలు ఆరిపోతాయి. ఎండ బాగా ఎక్కేదాకా మళ్ళీ రావు. ఒక రోజు కాదు, ఇంచుమించు రోజూ.

మొదటిసారి నేనే నమ్మలేదు. తర్వాత కర్మెలు కొండ గుర్తొచ్చింది. బయలు అనే దేవుణ్ణి కొలిచే ప్రవక్తలను ఏలీయా ఎగతాళి చేశాడు కదా, మీ దేవుడు పడుకున్నాడేమో, ప్రయాణంలో ఉన్నాడేమో గట్టిగా పిలవండని. నేనూ మైకులో పెట్టెనే అడిగాను, "ఏమే, నిద్రపోయావా?" అని. విశ్వాసులు చప్పట్లు కొట్టారు. ఇదివరకు తెల్లవారుజామున నాకు తోడు ముసలమ్మలే ఉండేవారు. ఇప్పుడు మందిరం మెట్ల మీద కూడా చోటు లేదు. నాగాయలంక వైపు నుంచి పడవ కట్టుకుని వస్తున్నారు.

తిరుపతిరావు ఒక్కడే గుర్రుగా ఉన్నాడు. రొయ్యల చెరువుల తిరుపతిరావు, నా ఇంటి వెనకాయన, నీకు తెలుసు. చెరువులో గాలి మిషను ఆగిపోతే ఫోనుకు కబురు వచ్చేట్టు పెట్టుకున్నాడట. "పొద్దున్నే నీ గోలకి నా నిద్రే పోయేది, ఇప్పుడు నా సిగ్నలూ పోతోంది" అన్నాడు. "నిద్ర లేచినందుకు దేవుణ్ణి స్తుతించు" అన్నాను.

డయానాకు నా ఆశీర్వాదం. పిల్ల మీద నాకు కోపం లేదు. పెట్టె మీదే.

జయమిచ్చువాని సేవలో
సొలొమోను


గుణదల,
ఆగస్టు.

తమ్ముడికి,

ఈసారి హాస్యం రాదు నాకు.

డయానా ఇంట్లో ఎవరితోనూ మాట్లాడడం లేదు. ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చుంటే మన లంక పెట్టె రోజూ తెల్లవారుజామునే ఆరిపోవడం కనిపిస్తుందట. మిగతా ఊళ్ళ పెట్టెలు బాగానే ఉన్నాయట. బ్యాటరీలు సరిగ్గా బిగించలేదని పైవాళ్ళు డయానానే అంటున్నారు. మధ్యలో పవన్‌కుమార్ అనే అబ్బాయిని పంపారు. అతను మధ్యాహ్నం పడవకు వచ్చి చూస్తే అన్నీ బాగున్నాయట. "ఇంకేమైనా దీని మీద నడుపుతున్నారా" అని అడిగితే, మీ యేసుకుమార్ "అబ్బే, మా మైకు పాత బ్యాటరీ మీదే నడుస్తుందండీ" అన్నాడట.

పాత బ్యాటరీ చచ్చిందని నువ్వే కదరా రాశావు. ఐగుప్తు బంగారమని గొప్పగా రాశావు.

నేను చదువుకున్నదాన్ని కాదు. కానీ ఒక బల్బు కోసం పెట్టుకున్న బ్యాటరీకి, రాత్రంతా ఎండ లేక నీరసపడిపోయిన వేళ, నాలుగు హారన్ల మైకు తగిలిస్తే ఏమవుతుందో కొట్లో ఇన్వర్టరు ఉన్న ఎవరినైనా అడుగు. డయానాకు చెప్పాను. "మామయ్య అలా చెయ్యడమ్మా, చేసినా దాచడు" అంది. నా మాట కంటే నీ మీద నమ్మకం దానికెక్కువ.

ఒక్క పని చెయ్యి. ఒకరోజు మైకు లేకుండా ప్రార్థన చేసి చూడు. దేవుడికి చెవుడు లేదు కదా.

అక్క


మడలంక,
ఆగస్టు.

అమలమ్మకు,

దేవుణ్ణి పరీక్షకు పెట్టకూడదు. అరణ్యంలో సాతాను ప్రభువును అడిగిందీ ఇదే, దూకి చూడు, ఏమవుతుందో చూద్దామని.

నీ కూతురి ఉద్యోగం కోసం నా సాక్ష్యాన్ని వైరు ముక్క చేస్తున్నావు. యేసుకుమార్ ఎవరితో ఏమన్నాడో నాకు తెలియదు, నేను అడగను. మందిరంలో ఇవాళ నిలబడడానికి చోటు లేదు. అంతమందిని బ్యాటరీ తెచ్చిందా?

నువ్వు ఇక దీని గురించి రాయకు.

సొలొమోను


మడలంక,
సెప్టెంబరు.

అక్కకు,

రాయవద్దన్నది నేనే, ముందు రాస్తున్నదీ నేనే. ఇక్కడ జరిగింది నీకు వేరే నోటి నుంచి చేరకముందు నేను చెప్పాలి.

మొన్న తెల్లవారుజామున ప్రార్థన మంచి ఊపులో ఉంది. పెట్టె అప్పటికే చచ్చింది, జనం స్తుతిస్తున్నారు. తిరుపతిరావు చెప్పులు లేకుండా మందిరంలోకి వచ్చాడు. ఇన్నేళ్ళలో ఆయన మందిరం గడప తొక్కలేదు. చేతిలో ఫోను.

"మా ఆవిడ వెంకటరత్నమ్మకి గుండెల్లో నొప్పి. ఒళ్ళంతా చెమటలు. అంబులెన్సుకి చెయ్యాలి, ఫోను పలకట్లేదు. నీ దేవుడికి దణ్ణం పెడతానయ్యా సొలొమోనూ, ఆ నోరు కాసేపు ముయ్యి."

అందరి ముందూ చేతులు జోడించాడు. మైకు స్విచ్ కట్టేశాను. ఎందుకు కట్టేశానో నాకే తెలియదు, ఆయన ముయ్యమన్నాడని కట్టేశాను. మోకాళ్ళ మీద పడి నోటితో ప్రార్థించాను, ప్రభువా, ఈ తల్లిని కాపాడు అని. అప్పటికి తూర్పున సూర్యుడు పైకి వచ్చాడు. కాసేపటికి ఎవరో "గీతలొచ్చాయి" అన్నారు.

తిరుపతిరావు అక్కడే నిలబడి మాట్లాడాడు. అవతలి గట్టు మీదికి అంబులెన్సు, ఇవతలి రేవు నుంచి ఇంజను పడవ. వెంకటరత్నమ్మ అవనిగడ్డ ఆసుపత్రిలో ఉంది, కులాసాగా ఉంది. ప్రభువుకు స్తోత్రం.

ఇక లంకలో చెప్పుకుంటున్నది ఏమిటంటే, సొలొమోను మూశాడు, సొలొమోనే తెరిచాడు. ఏలీయా వాన ఆపినట్టు, మళ్ళీ కురిపించినట్టు. యేసుకుమార్ ఈ మాట అవతలి ఊళ్ళలో కూడా చెబుతున్నాడు. నిన్నటి నుంచి జబ్బు మనుషులను తీసుకొస్తున్నారు. కామెర్లవాళ్ళు, మూర్ఛలవాళ్ళు. నా అరచెయ్యి నెత్తి మీద పెడితే చాలంటున్నారు. ఒకావిడ ఆసుపత్రి మందులు ఏట్లో పారేసి వచ్చింది.

ఇంతే సంగతులు. బావగారి మోకాలి నొప్పి ఎలా ఉంది?

సొలొమోను


గుణదల,
అక్టోబరు మొదలు.

తమ్ముడూ,

నీ ఉత్తరం మీ బావగారికి చదివి వినిపించాను. విని, "వీడు గెలిచినవాడిలా రాయలేదేమిటే" అన్నారు. నాకూ అదే అనిపించింది. నువ్వు గెలిస్తే రెండు పేజీల వాక్యం రాస్తావు. ఈసారి మోకాలి నొప్పి అడిగావు.

ఒక్కటే అడుగుతాను. గీతలు వచ్చింది నువ్వు మోకాళ్ళ మీద పడినందుకా, స్విచ్ కట్టేసినందుకా? నాకు జవాబు రాయక్కర్లేదు. నీకు తెలుసు. మొన్నటి దాకా తెలియదు, అది వేరే సంగతి. ఇప్పుడు తెలుసు.

ఏడాది చివరి దాకా ఆగరట. వచ్చే సోమవారం పెట్టె విప్పేస్తున్నారు. ఇంకో ఊరివాళ్ళు అడుగుతున్నారట. విప్పడానికి డయానానే పంపుతున్నారు, ఎక్కించింది నువ్వే గనుక దించేదీ నువ్వే అని. వైరు సంగతి నేను ఫోను చేసి వాళ్ళ ఆఫీసుకు చెప్పగలను. చెబితే ఏమంటారు? మీ వాళ్ళే కరెంటు దొంగిలించారా, అయితే ఇంకా త్వరగా విప్పండి అంటారు. లంకవాళ్ళు కావాలంటేనే అది ఉంటుంది. లంకవాళ్ళేమో నువ్వు దాన్ని చంపి బతికిస్తున్నావని చప్పట్లు కొడుతున్నారు.

ఈసారి ఎవరికైనా నొప్పి వస్తే తిరుపతిరావులాగా నోరు ముయ్యమనే మనిషి కూడా దొరకడు. నేరుగా నీ చెయ్యి కిందికి తీసుకొస్తారు. మందులు ఏట్లో పారేసిన ఆవిడ ఎలా ఉందో కనుక్కున్నావా?

నీ మీద కోపంతో రాయడం లేదురా. భయంతో రాస్తున్నాను.

అక్క


మడలంక,
అక్టోబరు, మంగళవారం.

అక్కా,

నిన్న సోమవారం. ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

నీ ఉత్తరం అందిన మర్నాడు గిద్యోను చేసిన పని చేశాను. ఉన్ని నేల మీద పరిచి, ఒక రోజు మంచు పడాలి, ఒక రోజు పడకూడదని దేవుణ్ణి అడిగాడు కదా. పరీక్షకు పెట్టకూడదని నీ మీద అరిచినవాణ్ణి, గిద్యోనును మర్చిపోయాను. ఆ వేకువన నాకు ఒంట్లో బాగాలేదు, కూడిక లేదని యేసుకుమార్‌తో చెప్పి మైకు తీయనివ్వలేదు. ఒక్కణ్ణే మందిరంలో నిలబడి, నాకున్న మంటంతా పెట్టి, నోటితో ఆ పెట్టెను గద్దించాను. గొంతు జీరపోయింది. బయటికి వచ్చి అడిగితే గీతలు నిండుగా ఉన్నాయన్నారు. మెట్ల మీద కూర్చుండిపోయాను. ఇన్నాళ్ళూ నా ప్రార్థన విన్నది ఆంప్లిఫయరు.

మందులు పారేసినావిడ ఆసుపత్రిలో ఉంది. బాగాలేదు. వెళ్ళి చూసి వచ్చాను. ఆమె కొడుకు నా కాళ్ళకు దణ్ణం పెట్టాడు. ఆ దణ్ణం మోయలేక లంకకు వచ్చాను.

అయినా ఆదివారం ఆరాధనలో నోరు రాలేదు అక్కా. జనం ఎలా చూశారో నీకు తెలియదు. మోషే కొండ దిగి వచ్చినప్పుడు చూసినట్టు చూశారు. నా జీవితంలో ఎవరూ నన్ను అలా చూడలేదు. రేపు పెట్టె దిగుతుంది, విజయ ఆరాధన పెడదామన్నాడు యేసుకుమార్. ఊఁ అన్నాను. ఆ ఊఁ నా నోటి నుంచే వచ్చింది.

సోమవారం తెల్లవారకముందే లంకంతా వచ్చింది. అవతలి ఊళ్ళ నుంచీ వచ్చారు. పూలదండలు తెచ్చారు. తిరుపతిరావు దూరంగా గేటు దగ్గర నిలబడ్డాడు. మైకు పట్టుకున్నాను.

"అందరూ ఫోన్లు తీసి పైకెత్తండి" అన్నాను. ఎత్తారు. "గీతలున్నాయా?" "ఉన్నాయండీ." "ఇవాళ నేను ప్రార్థన చెయ్యను. ఒక్క వాక్యం కూడా చెప్పను. చూస్తూ ఉండండి."

ఏం చెప్పాలో ముందు అనుకోలేదు. నోటికి చేపల పేర్లు వచ్చాయి. పండుగప్ప, మాగ, కొయ్యింగ, వంజరం, సావడాయి, జెల్ల. నాకు తెలిసినవన్నీ గొంతెత్తి, ప్రసంగంలో ఎలా అంటానో అలాగే అన్నాను. అయిపోతే మళ్ళీ మొదలుపెట్టాను. తర్వాత పడవ వేళలు చెప్పాను. తర్వాత రొయ్యల మేత రకాలు. మొదట కొందరు ఆమేన్ అన్నారు, అలవాటు కొద్దీ. తర్వాత నవ్వారు. తర్వాత నవ్వు ఆగింది. యేసుకుమార్ మొహం తెల్లబోయింది. నాకు అర్థమైంది, వాడికి ఎప్పటి నుంచో తెలుసు, పవన్‌కుమార్ వచ్చిన రోజు వైరు తీసి దాచి ఉంటాడు.

మూడోసారి పండుగప్ప దగ్గరికి వచ్చేసరికి వెనక నుంచి ఒక ఆడగొంతు, "పోయాయండీ" అంది.

"ఏం విని పోయాయమ్మా?"

"చేపలు విని, అయ్యగారూ."

మైకు కట్టేశాను. మెట్ల కింద బ్యాటరీల దగ్గరికి వెళ్ళి మా వైరు నా చేత్తో పీకాను. పట్టుకొచ్చి అందరికీ చూపించాను. "ఇన్నాళ్ళూ మీరు చూసిన అద్భుతం ఇది" అన్నాను. "పెట్టె ఆరితే చంపింది ఈ వైరు. వెంకటరత్నమ్మ గారి వేళ వెలిగితే, నేను స్విచ్ కట్టేశాను గనుక, ఎండ వచ్చింది గనుక. నా చేతిలో ఏమీ లేదు. జబ్బులవాళ్ళు పడవ ఎక్కి ఆసుపత్రికి వెళ్ళండి."

ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండేది. దండలు తెచ్చినవాళ్ళు వాటిని ఏం చెయ్యాలో తెలియక చేతుల్లోనే పట్టుకుని వెళ్ళారు. యేసుకుమార్ ఆంప్లిఫయరు భుజానికెత్తుకుని, "సంఘాన్ని కూల్చేశారండీ మీరు" అని వెళ్ళిపోయాడు. అతని వెంట సగం మంది వెళ్ళారు. వేరే కూడిక పెట్టుకుంటారట. తిరుపతిరావు గేటు దగ్గర నుంచి కదలకుండా, "రొయ్యల మేతలో ఒకటి తప్పు చెప్పావయ్యా" అన్నాడు. అంతే అన్నాడు.

డయానా మొదటి పడవకు వచ్చింది. సంచీలో స్పానర్లు. వైరు దాని చేతికిచ్చాను. దాన్ని చుట్ట చుట్టి సంచీలో వేసుకుంది. "మామయ్యా, నువ్వు చెయ్యవని అమ్మతో పందెం కాశాను" అంది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. ఎండ ఎక్కి గీతలు వచ్చాక ఆఫీసుకు ఫోను చేసి, ఎవరితోనో గట్టిగా, నేను ప్రసంగంలో అరిచినట్టే అరిచింది. పెట్టె ఉండాలని లంకవాళ్ళంతా సంతకాలు చేసిస్తే చూస్తామన్నారట. మాట ఇవ్వలేదు. తిరుపతిరావు తెల్ల కాగితం తెచ్చాడు. మొదటి సంతకం ఆయనది, రెండోది నాది. ఇప్పటికి పేజీలో కాస్తే నిండింది. యేసుకుమార్ వైపు వాళ్ళు చెయ్యరట. ఉంటుందో పోతుందో తెలియదు.

ఇది జరుగుతుండగా అవతలి ఊరి నుంచి ఒకామె వచ్చింది, సాయిశ్రీ అని. చంకలో పాప, ఒళ్ళు కాలిపోతోంది, కళ్ళు తేలేస్తోంది. పొద్దుటి సంగతి ఆమెకు తెలియదు. పాప నెత్తి మీద చెయ్యి పెట్టమంది.

"అదంతా బ్యాటరీ అమ్మా. నా దగ్గర ఏమీ లేదు" అన్నాను.

"అవన్నీ నాకు తెలీవండీ. ఇంత దూరం వచ్చాను. చెయ్యి పెట్టండి."

డయానా వైపు చూశాను. అది అప్పటికే ఫోను చెవి దగ్గర పెట్టుకుని అవతలి గట్టుకు అంబులెన్సు రమ్మంటోంది. నేను పాప నెత్తి మీద చెయ్యి పెట్టాను. ఇన్నేళ్ళు ప్రార్థించాను గానీ, అంత చిన్న గొంతుతో ఎప్పుడూ ప్రార్థించలేదు. పక్కనున్న ఆ తల్లికి కూడా వినిపించి ఉండదు. తర్వాత పాపను నేనే ఎత్తుకుని రేవు దాకా పరిగెత్తాను.

సాయంత్రం ఆసుపత్రి నుంచి ఆ తల్లి డయానాకు ఫోను చేసింది. జ్వరం దిగుతోందట. డయానా ఫోను నా చెవి దగ్గర పెట్టింది. పాప ఏడుస్తోంది, గట్టిగా, ఆపకుండా. విన్నాను.

సొలొమోను